లైన్‌లో ఒకడు పడితే ముగ్గురు జరగాలి: ఒహాయో స్టేట్ 2024 సీజన్‌లో అభిమానుల లెక్క ఎక్కడ తప్పింది

2024 నవంబర్ 30, శనివారం. అమెరికన్ ఫుట్‌బాల్, కాలేజీ జట్ల ఆట. కొలంబస్‌లోని ఒహాయో స్టేడియంలో మిషిగన్ 13, ఒహాయో స్టేట్ 10. పందేల లెక్క ప్రకారం దాదాపు మూడు టచ్‌డౌన్ల (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటిస్తే ఒకటి, ఆరు పాయింట్లు) తేడాతో గెలవాల్సిన జట్టు సొంత మైదానంలో ఓడింది. మిషిగన్ చేతిలో వరసగా ఇది నాలుగో ఓటమి. చీకటి పడేలోపే అభిమానుల తీర్పు వచ్చేసింది: హెడ్ కోచ్ ర్యాన్ డేని పంపెయ్యాలి, ప్లేలు (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఒక్కో విడతకు వేసే ఎత్తులు) పిలిచే అఫెన్సివ్ కోఆర్డినేటర్ చిప్ కెల్లీని పంపెయ్యాలి, అఫెన్సివ్ లైన్ కోచ్ జస్టిన్ ఫ్రైని అయితే అడగక్కర్లేదు. సరిగ్గా 51 రోజుల తర్వాత, జనవరి 20న అట్లాంటాలో, ఆ ముగ్గురే దాదాపు అదే లైన్‌తో నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ టైటిల్ పట్టుకెళ్లారు.

దీన్ని చూసి అభిమానులకు ఏమీ తెలియదని తేల్చెయ్యడం తేలిక. అది కూడా తప్పే. వాళ్ల ఫిర్యాదుల్లో సగం పక్కా నిజం. చిక్కల్లా ఏమిటంటే, "లైన్ చెత్తగా ఉంది" అనే ఒక్క మాటలో కనీసం నాలుగు ఫిర్యాదులు కలిసిపోయి ఉంటాయి. సరైన ఆటగాళ్లను తేలేదన్నది ఒకటి. తెచ్చినవాళ్లకు సరిగా నేర్పలేదన్నది ఇంకొకటి. వాళ్లకు చేతకాని పని అప్పగించారన్నది మూడోది. ఆ రోజు, ఆ ప్రత్యర్థి మీద తప్పుడు ప్లే పిలిచారన్నది నాలుగోది. వీటిలో ఒక్కోదానికి బాధ్యుడు ఒక్కొక్కడు. అన్నిటికీ లైన్ కోచ్‌నే నిలదీస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే.

ముందు అఫెన్సివ్ లైన్ అనే ఆ అయిదుగురి సంగతి. బంతిని వెనక్కి అందించే సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, ఇద్దరు గార్డ్‌లకు బయట ట్యాకిల్‌లు. ఒక్కొక్కరు 300 పౌండ్లు, అంటే 136 కిలోలకు అటూ ఇటూ. బంతి ముట్టుకునే అవకాశం వీళ్లకు దాదాపు ఉండదు. పని రెండే: పరుగెత్తేవాడికి దారి తియ్యడం, పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్‌ను రెండున్నర, మూడు సెకన్లపాటు కాపాడటం. కబడ్డీ చూసేవాళ్లకు ఒక పోలిక చెప్పుకోవచ్చు. రైడర్‌ను పట్టడానికి ఇద్దరు చేతులు పట్టుకుని గొలుసుగా కదిలినప్పుడు ఒకడు అర అడుగు ముందుకేస్తే గొలుసు తెగుతుంది, రైడర్ ఆ సందులోంచే జారుకుంటాడు. ఇక్కడ చేతులు పట్టుకోరు కానీ సూత్రం అదే. ఎడమ గార్డ్ ఎంత బాగా ఆడాడన్నది సగం అతని ఎడమ పక్కన, కుడి పక్కన ఎవరున్నారన్నదాని మీదే ఆధారపడుతుంది. అందుకే లైన్‌లో గాయం ఒకరికైనా మార్పు ఒక్క చోటితో ఆగదు.

2024 ఒహాయో స్టేట్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ గొలుసు ఎక్కడెక్కడ తెగిందో వరసగా చూడాలి.

సీజన్‌కు అనుకున్న లైన్ ఇది: ఎడమ ట్యాకిల్ జోష్ సిమన్స్, ఎడమ గార్డ్ డోనొవన్ జాక్సన్, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్, కుడి గార్డ్ టెగ్రా చబోలా, కుడి ట్యాకిల్ జోష్ ఫ్రయర్. అక్టోబర్ 12న ఒరెగన్ మీద 32-31తో ఓడిన ఆటలో సిమన్స్ మోకాలు దెబ్బతింది, అతని సీజన్ అక్కడితో సరి. రెండు వారాల తర్వాత నెబ్రాస్కాతో ఆటకు అతని స్థానంలో జెన్ మిచాల్స్కీ దిగాడు. ఆ రోజు ఒహాయో స్టేట్ 31 పరుగు ప్లేల్లో సాధించింది 64 గజాలు. 21-17తో గట్టెక్కింది కానీ ఎడమ అంచు నిలవలేదు, పైగా మిచాల్స్కీ కూడా గాయపడ్డాడు. తర్వాతి శనివారం ఆట పెన్ స్టేట్ మైదానంలో, దేశంలోకెల్లా ప్రమాదకరమైన ఎడ్జ్ రషర్లలో (లైన్ అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకొచ్చే డిఫెన్స్ ఆటగాళ్లలో) ఒకడైన అబ్దుల్ కార్టర్ మీద. సిబ్బంది చేతిలో ఉన్నది ఒక్క వారం.

వాళ్లు చేసిందేమిటంటే, జట్టులో అందరికంటే నమ్మకమైన గార్డ్ జాక్సన్‌ను ట్యాకిల్‌కు జరిపి, ఖాళీ అయిన గార్డ్ స్థానంలో కార్సన్ హిన్జ్‌మన్‌ను పెట్టారు. కాగితం మీద ఒక అడుగు ఎడమకు జరగడమే. మైదానంలో అది వేరే ఉద్యోగం. గార్డ్‌కు ఎదురు నిలిచే డిఫెన్సివ్ ట్యాకిల్ చేతికందే దూరంలో ఉంటాడు. స్నాప్ పడిన (సెంటర్ బంతి వెనక్కి అందించిన) మరుక్షణం ఢీ, రెండు పక్కలా తోడు. ట్యాకిల్‌కు ఎదురు నిలిచేవాడు వెడల్పుగా, దూరంగా నిలబడి పరుగెత్తుకుంటూ వస్తాడు. ట్యాకిల్ ముందు వెనక్కి, ఏటవాలుగా జారుతూ పోయి ఒక చోట నిలబడి అతన్ని అందుకోవాలి. మరీ వెనక్కి, మరీ బయటికి జారితే రషర్ లోపలికి తిరిగి దూరిపోతాడు. జారడం చాలకపోతే అంచు చుట్టి క్వార్టర్‌బ్యాక్ వీపు మీద పడతాడు. బయటి పక్క ఆదుకునేవాడు ఉండడు. చేతులు ముందే విసిరితే రషర్ వాటిని కొట్టేసి దాటుతాడు, ఆలస్యమైతే ఛాతీ అతనికి అప్పగించినట్టే. ఈ జారుడు అడుగు ఒంటికి పట్టడానికి మామూలుగా ఒక వసంత శిబిరం పడుతుంది. కాలేజీ నిబంధనల్లో వసంతంలో 15 సాధనలే ఉంటాయి. సీజన్ మధ్యలో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. వీడియో చూసే సమయం, సమావేశాలు కూడా ఆ 20 గంటల్లోవే.

దానికితోడు పెన్ స్టేట్ మైదానంలో లక్షమందికి పైగా అరుస్తుంటారు, క్వార్టర్‌బ్యాక్ కేక ట్యాకిల్ దాకా వినపడదు. అలాంటి చోట జట్లు మౌన లెక్క వాడతాయి. గార్డ్ వెనక్కి చూసి, క్వార్టర్‌బ్యాక్ సైగ అందగానే సెంటర్‌ను తడతాడు. సెంటర్ తల ఒకసారి ఎత్తి దించి, తన లెక్క ప్రకారం బంతి వదులుతాడు. ట్యాకిల్ కళ్లు ఒకటి బంతి మీద, ఒకటి రషర్ మీద ఉండాలి. రషర్‌కు ఆ ఇబ్బంది లేదు, అతనూ బంతినే చూస్తాడు. అందుకే బయటి మైదానాల్లో ట్యాకిల్‌లు అర క్షణం వెనకబడినట్టు కనిపిస్తారు. ఇంటి ఆటలో అదే మనిషి చురుగ్గా కనిపిస్తే అతను రాత్రికి రాత్రి ఏదో నేర్చుకున్నాడని కాదు.

జాక్సన్‌కు ఆ రోజు సులువుగా ఏమీ సాగలేదు. అయినా ఒహాయో స్టేట్ 20-13తో గెలిచింది, గెలిచిన తీరే ఈ కథలో ముఖ్యం. చివర్లో పెన్ స్టేట్‌ను గోల్ గీత ముంగిట ఆపి, తన ఒక గజం గీత దగ్గర బంతి అందుకునేసరికి గడియారంలో 5 నిమిషాల 13 సెకన్లు ఉన్నాయి. వరసగా 11 పరుగు ప్లేలు. ఒక్క పాస్ లేదు. ప్రత్యర్థికి బంతి తిరిగి ఇవ్వకుండానే ఆట ముగించారు. కుట్లు వేసి నిలబెట్టిన లైనే ఆ పని చేసింది. అంటే నవంబర్ 2 నాటికి జబ్బు దాదాపు నయమైనట్టే.

మళ్లీ తెగింది పదిహేడు రోజులకు. నవంబర్ 19న సాధనలో మెక్‌లాఫ్లిన్ మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగింది. హిన్జ్‌మన్ గార్డ్ నుంచి సెంటర్‌కు జరిగాడు, గార్డ్ పని ఆస్టిన్ సీరవెల్డ్, ల్యూక్ మాంట్‌గొమరీల మీద పడింది. లెక్క చూస్తే మొదట అనుకున్న అయిదుగురిలో ఎడమ పక్క ముగ్గురి స్థానాలూ మారిపోయాయి. ఇద్దరికి గాయం, మూడోవాడికి స్థానభ్రంశం. ఇండియానాను 38-15తో ఓడించినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. వారం తిరగకముందే మిషిగన్ వచ్చింది.

సెంటర్ పోతే పోయేది ఒక మనిషి బలం ఒక్కటే కాదు. 2024 నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో అనుమతించారు, కానీ 40 సెకన్ల ప్లే గడియారం 15కు రాగానే అది ఆగిపోతుంది. ఆ తర్వాత డిఫెన్స్ జరిగినా, కొత్తవాడు గీత దగ్గరకు వచ్చినా కోచ్ చెప్పేదేమీ ఉండదు. సెంటర్, క్వార్టర్‌బ్యాక్ ఇద్దరే తేల్చుకోవాలి. మధ్య లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ముందువరస వెనక నిలబడేవాడు) ఫలానావాడు అని సెంటర్ వేలు చూపిస్తాడు. మిగిలిన నలుగురూ అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టి ఎవరు ఎవర్ని పట్టాలో తేల్చుకుంటారు. ఆ వేలు తప్పు మనిషిని చూపిస్తే అయిదుగురూ నిక్కచ్చిగా పని చేసినా ఒక రషర్ ఎవరూ ముట్టుకోకుండా దూసుకొస్తాడు. టీవీలో చూసేవాడికి గార్డ్ మొద్దులా నిలబడ్డాడని అనిపిస్తుంది. తప్పు చేసింది అతను కాకపోవచ్చు. హిన్జ్‌మన్ 2023లో సెంటర్‌గా ఆడినవాడే కాబట్టి పని కొత్త కాదు. కానీ సీజన్ చివర్లో, పక్కన కొత్త గార్డ్‌తో, దేశంలోకెల్లా బలమైన డిఫెన్సివ్ ట్యాకిల్ జంట మీద ఆ పని చెయ్యాల్సొచ్చింది.

ఆ జంట మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్. ఇద్దరూ 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే ఆ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌లోనే పోయారు, అయిదో స్థానంలో ఒకడు, పదమూడో స్థానంలో ఒకడు. వీళ్ల మధ్యలోంచి పరుగెత్తడం ఎందుకు కష్టమో ఇన్‌సైడ్ జోన్ అనే మామూలు పరుగు ప్లేతో తేలిగ్గా తెలుస్తుంది. అందులో లైన్ అంతా ఒకే వైపు అడుగేస్తుంది. పక్కపక్కనున్న ఇద్దరు లైన్‌మన్‌లు కలిసి ఒక డిఫెన్సివ్ ట్యాకిల్‌ను రెండు అడుగులు వెనక్కి నెట్టి, వాళ్లలో ఒకడు విడిపోయి వెనకున్న లైన్‌బ్యాకర్ మీదకు వెళ్లాలి. ఎప్పుడు విడిపోవాలన్నదే కిటుకంతా. తొందరపడితే డిఫెన్సివ్ ట్యాకిల్ ఇద్దరి మధ్య సందు చీల్చుకు వస్తాడు. ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ ఖాళీగా పరుగెత్తుకొచ్చి రన్నింగ్ బ్యాక్‌ను (బంతితో పరుగెత్తేవాడిని) గీత దగ్గరే కూలుస్తాడు. కొన్ని నెలలుగా భుజం భుజం కలిపి ఆడినవాళ్లకు ఆ క్షణం చూపు లేకుండానే తెలుస్తుంది. కొత్త జంటకు తెలియదు. గ్రాంట్ లాంటివాడు ఇద్దరు నెట్టినా కదలకపోతే విడిపోయే సందర్భమే రాదు.

ఫలితం 26 పరుగు ప్లేలు, 77 గజాలు. రెండో సగంలో ఒహాయో స్టేట్ ఒక్క పాయింటూ చెయ్యలేదు. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) విసిరాడు, ఒకటి నేరుగా మిషిగన్ ఏకైక టచ్‌డౌన్‌కు దారి తీసింది. ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) రెండు తప్పాయి, ఓడింది మూడు పాయింట్లతో. తిలా పాపం తలా పిడికెడు. ఇంత స్పష్టంగా నలుగురైదుగురి మధ్య పంచుకోదగ్గ ఓటమిలో లైన్ ఒక్కదాన్నే పట్టుకోవడం అన్యాయమే.

అయితే అభిమానుల కోపంలో అసలైన ముల్లు వేరే ఉంది, అది సరైన చోటే గుచ్చుకుంది. బయట జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బూకా, కార్నెల్ టేట్ లాంటి రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) ఉన్నారు. మిషిగన్‌లో పాస్‌లు అడ్డుకునేవాళ్లలో అగ్రగణ్యుడు విల్ జాన్సన్ గాయంతో ఆడటమే లేదు. ప్రత్యర్థి కోటలో ఒక్క గోడ బలంగా ఉంది, ఒక గోడకు కాపలాదారే లేడు. బలమైన గోడనే మళ్లీ మళ్లీ తలతో ఢీకొట్టారు. ఇది లైన్ తప్పు కాదు, లైన్ కోచ్ శిక్షణ తప్పూ కాదు. లైన్ ఏం చెయ్యలేదో నెబ్రాస్కా ఆట నుంచీ తెలిసి కూడా అదే పని చెప్పడం హెడ్ కోచ్, కోఆర్డినేటర్ల నిర్ణయం. మిషిగన్ మీద దెబ్బకు దెబ్బ అన్న పంతం మూడేళ్లుగా ఒహాయో స్టేట్ ఆలోచనను వంకర తిప్పిందన్నది చాలామంది పరిశీలకుల మాట. 2021లో 42-27తో, 2022లో 45-23తో మిషిగన్ వీళ్లను భుజబలంతో ఓడించింది. ఆ రెండేళ్లూ దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కు ఇచ్చే జో మూర్ అవార్డు మిషిగన్‌దే. అప్పటి మిషిగన్ లైన్ కోచ్ షెరోన్ మూర్, 2024లో ఆ జట్టు హెడ్ కోచ్‌గా ఎదురు నిలబడ్డాడు. మేమూ కండ ఉన్నవాళ్లమే అని నిరూపించుకోవాలన్న తహతహ అర్థం చేసుకోదగ్గదే, ప్లే పిలవడానికి మాత్రం పనికిరానిది.

ఇక్కడ గణాంకాల గురించి ఒక పక్క మాట చెప్పుకోవాలి. ఈ వాదనల్లో సగం వీటి మీదే తప్పుదారి పడతాయి. కాలేజీ ఫుట్‌బాల్ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ పాస్ వెయ్యబోతూ దొరికిపోయి (దీన్నే శాక్ అంటారు) పోగొట్టుకున్న గజాలను పరుగు లెక్కలోంచి తీసేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా చెయ్యరు, పాస్ లెక్కలో తీస్తారు. ఉదాహరణకు ఒక జట్టు 30 పరుగుల్లో 120 గజాలు చేసిందని కనిపిస్తే ప్లేకు 4 గజాలు. అందులో నాలుగు శాక్‌లు, పోయినవి 28 గజాలు అనుకుంటే నిజమైన పరుగులు 26, గజాలు 148, సగటు 5.7. మొదటి అంకె చూసినవాడు పరుగు ఆట బలహీనమంటాడు. రెండోది చూస్తే పరుగు బాగానే ఉంది, పాస్ రక్షణ దెబ్బతింది. రోగం వేరు, మందు వేరు.

శాక్‌లు కూడా అంతే. శాక్ పడిన ప్రతిసారీ లైన్‌ను తిట్టేముందు రీప్లేలో స్నాప్ నుంచి సెకన్లు లెక్కపెట్టాలి. రెండున్నర సెకన్లలోపు పడితే సాధారణంగా లైన్‌దో, సెంటర్ పిలుపుదో తప్పు. మూడున్నర దాటాక పడితే క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఉండిపోయాడనో, రిసీవర్లు విడిపడలేదనో అర్థం. ఎవరూ ముట్టుకోకుండా రషర్ వచ్చాడంటే కండబలం సమస్య కాదు, ఎవర్ని ఎవరు పట్టాలన్న లెక్క సమస్య. ఇద్దరు రషర్లు అడ్డదిడ్డంగా స్థానాలు మార్చుకుంటూ వచ్చే ట్విస్ట్ మీద మళ్లీ మళ్లీ శాక్ పడుతుంటే ఆ గార్డ్, ఆ ట్యాకిల్ కలిసి సాధన చేసింది తక్కువన్నమాట. రీప్లే మూడుసార్లు చూస్తే మంచిది. ఒకసారి ఎడమ ఇద్దరిని, ఒకసారి సెంటర్‌ను, ఒకసారి కుడి ఇద్దరిని. బంతిని అసలు చూడకూడదు. మొదటి రెండు అడుగులు, చేతులు ఛాతీ లోపలికి పోయాయా బయటికి జారాయా, నడుం వంగిందా మోకాలు వంగిందా, ఇవి చాలు. నడుం దగ్గర వంగి తల ముందుకు పెట్టేవాడు పక్కకు లాగితే పడిపోతాడు. మోకాళ్లు వంచి కింద కూర్చున్నట్టుండేవాడిని లాగడం కష్టం.

మరి లైన్ కోచ్ ఫ్రై మీద ఫిర్యాదుల్లో నిలబడేది ఏదైనా ఉందా అంటే, ఉంది. ఆ సీజన్‌లో ఈ లైన్‌లోని మేటి ఆటగాళ్లలో సిమన్స్ శాన్ డియేగో స్టేట్ నుంచి, మెక్‌లాఫ్లిన్ అలబామా నుంచి వచ్చారు. ఇద్దరూ ఒహాయో స్టేట్ హైస్కూల్ నుంచి తెచ్చి పెంచినవాళ్లు కారు. సిమన్స్, అతని వెనక మిచాల్స్కీ పడిపోయాక సిద్ధంగా ఉన్న ట్యాకిల్ కనపడలేదు, అందుకే మంచి గార్డ్‌ను చెడగొట్టుకుని ట్యాకిల్ చెయ్యాల్సొచ్చింది. దేశంలో ఏ కుర్రాడినైనా పిలిపించుకోగల విశ్వవిద్యాలయంలో మూడో ట్యాకిల్ లేకపోవడానికి గాయాలను తప్పు పట్టలేం. అది రెండు మూడేళ్ల ముందు ఇళ్లకు వెళ్లి కుర్రాళ్లతో, తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు జరిగిన తప్పు. ట్యాకిల్ పదిహేడేళ్లకు దొరకడు. ఆ వయసులో దొరికేది ఎత్తు, చేతుల పొడవు, చురుకైన కాళ్లు. దాని మీద 20, 25 కిలోలు సరైన కండ వెయ్యడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ వరస ఒక్క ఏడాది తప్పినా మూడేళ్ల తర్వాత కానీ కనపడదు. అప్పటికి తిట్లు తినేది ఎవరో, తప్పు చేసింది ఎవరో చాలాసార్లు ఒకరే కారు.

ఇదే సీజన్‌లో అభిమానుల చూపు ఎంత పొరబడగలదో చెప్పడానికి మెక్‌లాఫ్లిన్ ఒక్కడు చాలు. 2024 జనవరి 1న రోజ్ బౌల్ అనే ప్లేఆఫ్ ఆటలో అలబామా 27-20తో ఓవర్‌టైమ్‌లో మిషిగన్ చేతిలో ఓడింది. అతని గాడి తప్పిన స్నాప్‌లు ఆ రాత్రి దేశమంతా చూసింది. అలబామాలో అతని పేరు ఎత్తితే మండిపడేవాళ్లు. అదే మనిషి అదే ఏడాది చివర ఉత్తమ సెంటర్‌కు ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ గెలుచుకున్నాడు, అదీ గాయంతో సీజన్ చివర దూరమై. స్నాప్ అనేది రోజుకు వందలసార్లు చేసే చేతి అలవాటు. వేళ్ల పట్టు, మణికట్టు తిప్పడం సరిదిద్దితే బాగుపడుతుంది. తప్పుడు వేలు చూపించే సెంటర్ బాగుపడటం అంతకంటే కష్టం. అభిమానులు మొదటిదాన్ని క్షమించరు, రెండోదాన్ని గమనించరు.

మిషిగన్ ఓటమి తర్వాత ఏం మారింది? లైన్ పెద్దగా మారలేదు, మారే వీలూ లేదు. వీళ్లకు మూడు వారాలు దొరికాయి. ఓడిపోవడం వల్లే బిగ్ టెన్ (వీళ్లు ఆడే లీగ్) ఫైనల్‌కు వెళ్లలేదు. ఆ శనివారం ఒరెగన్, పెన్ స్టేట్ ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే ఒహాయో స్టేట్ హిన్జ్‌మన్‌కు, కొత్త గార్డ్‌లకు కలిసి ఆడే అలవాటు చేసుకుంది. డిసెంబర్ 21న ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీ) మొదటి ఆట టెనెసీ మీద ఆడినప్పుడు వరస తిరగబడి కనిపించింది. ముందు పాస్, అదీ దూరాలకు, స్మిత్‌కు. డిఫెన్స్ వెనక్కి జరిగాక పరుగు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 21-0, చివరికి 42-17. జనవరి 1న రోజ్ బౌల్‌లో, అక్టోబర్‌లో తమను ఓడించిన ఒరెగన్ మీద రెండో క్వార్టర్‌లోనే 34-0, చివరికి 41-21. లోతుగా పాస్ వెయ్యగల జట్టు ముందు డిఫెన్స్ లోపలి గోడకు అదనపు మనిషిని ఇవ్వలేదు. అదే గార్డ్, అదే సెంటర్, ఎదురుగా ఒక మనిషి తగ్గాడు. పరుగు గజాలు వాటంతటవే పెరిగాయి.

అంతా మాయమైపోయిందనుకోనక్కర్లేదు. సెమీఫైనల్ అయిన కాటన్ బౌల్‌లో టెక్సస్ స్మిత్‌ను ఇద్దరితో కమ్మేసింది, అతనికి దక్కింది ఒక్క క్యాచ్, 3 గజాలు. వెంటనే ఆట ఇరుకైంది, నాలుగో క్వార్టర్ దాకా 14-14. మొదటి సగం చివర్లో ట్రవేయాన్ హెండర్సన్‌కు వేసిన స్క్రీన్ పాస్ 75 గజాల టచ్‌డౌన్ కాకపోతే, నాలుగో క్వార్టర్‌లో నాలుగో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిదాంట్లో), ఇంకా 2 గజాలు కావాల్సిన చోట హోవర్డ్ స్వయంగా 18 గజాలు పరుగెత్తకపోతే, కథ ఎటు తిరిగేదో. స్క్రీన్ పాస్ కూడా లైన్ పరిమితిని వాడుకునే ఎత్తే. రషర్లను కావాలని లోపలికి రానిచ్చి, వాళ్ల తల మీదుగా చిన్న పాస్ వేసి, లైన్‌మన్‌లను ముందు పరుగెత్తిస్తారు. ఎక్కువసేపు కాపు కాయలేని లైన్‌కు ఇంతకంటే నప్పే ప్లే లేదు. ఫైనల్‌లో హోవర్డ్ మొదటి 13 పాస్‌లూ చేరాల్సిన చేతికే చేరాయి, క్విన్షాన్ జడ్కిన్స్ 11 పరుగుల్లో 100 గజాలు చేశాడు. నోటర్ డేమ్ స్కోరులో దగ్గరకొస్తున్నప్పుడు మూడో డౌన్‌లో, 11 గజాలు కావాల్సిన చోట పరుగెత్తి గడియారం తినొచ్చు. నవంబర్ 30న అయితే అదే చేసేవాళ్లేమో. స్మిత్‌కు 56 గజాల పాస్ వేశారు.

ఈ విజయం వల్ల కోచింగ్ సిబ్బంది మీద తీర్పు తారుమారైందనే వాదనలో ఒక సంగతి మరుగున పడుతోంది. 12 జట్ల ప్లేఆఫ్ మొదలైందే 2024లో. అంతకు ముందు నాలుగు జట్ల పద్ధతి. 2023 నిబంధనల కింద మిషిగన్ మీద ఓడి 10-2తో నిలిచిన ఒహాయో స్టేట్‌కు టైటిల్ ఆశ అక్కడితో ముగిసిపోయేది. అదే కోచ్, అదే లైన్, అవే నిర్ణయాలు, కానీ "పంపెయ్యాలి" అన్న మాటే ఆ ఏటికి ఆఖరి మాటయ్యేది. డిసెంబర్‌లో సరిదిద్దుకునే అవకాశం కొత్త పద్ధతి ఇచ్చింది, డే దాన్ని వాడుకున్నాడు. వాడుకోవడం అతని గొప్ప. అవకాశం రావడం మాత్రం కాదు.

పంపెయ్యడం ఎంత ఖరీదో ఒహాయో స్టేట్ అథ్లెటిక్ డైరెక్టర్ రాస్ బ్యోర్క్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు అక్కడ ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. కాంట్రాక్ట్ ప్రకారం ఫిషర్‌కు చెల్లించాల్సి వచ్చిన మొత్తం 7.5 కోట్ల డాలర్లకు పైమాటే. డేకు 2025 ఫిబ్రవరిలో కొత్తగా ఏడేళ్ల ఒప్పందం దక్కింది, సగటున ఏడాదికి 1.25 కోట్ల డాలర్లు.

లైన్ కోచ్‌లు, కోఆర్డినేటర్ల సంగతి వేరు. వాళ్లను తీసెయ్యడం చవక, అందుకే హెడ్ కోచ్ మీద ఒత్తిడి పెరిగినప్పుడల్లా మొదట వాళ్ల తలే తెగుతుంది. ఈసారి ఆ అవసరం రాలేదు. అభిమానులు వద్దన్న కెల్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లాస్ వేగస్ రెయిడర్స్ కోఆర్డినేటర్‌గా, ఫ్రై అరిజోనా కార్డినల్స్ లైన్ కోచ్‌గా వెళ్లారు. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో జాక్సన్‌ను 24వ స్థానంలో మినెసోటా, సిమన్స్‌ను 32వ స్థానంలో కాన్సస్ సిటీ తీసుకున్నాయి. ట్యాకిల్‌గా మొదలుపెట్టిన ఆ తొమ్మిది ఆటలే జాక్సన్ విలువ పెంచాయన్నది నమ్మదగ్గ మాట. పెన్ స్టేట్ వారం ఇబ్బంది ఆ కుర్రాడికి మాత్రం వృథా కాలేదు.

కొత్త లైన్ కోచ్ టైలర్ బోవెన్ వర్జీనియా టెక్ నుంచి వచ్చాడు. ట్యాకిల్ కొరత తీర్చడానికి మళ్లీ ట్రాన్స్‌ఫర్ పోర్టలే (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) దిక్కయింది. మినెసోటా నుంచి ఫిలిప్ డేనియల్స్, రైస్ నుంచి ఈథన్ ఒనియాన్వా వచ్చారు. ఒనియాన్వాను తెచ్చింది ఎడమ ట్యాకిల్ కోసమే. 2025 ఆగస్ట్ 30న టెక్సస్‌తో మొదటి ఆటకు ఆ స్థానంలో నిలబడింది మాత్రం అంతకు ముందు ఏడాది గార్డ్‌గా ఆడిన సీరవెల్డ్.